తాటి కల్లు: రుచి, పరిశీలన

తాటి చెట్టు పూగెలను కోసినప్పుడు కారే తీపి రసం, కుండలోనూ గాలిలోనూ ఉన్న సూక్ష్మజీవుల వల్ల దానంతటదే పులిస్తే తయారయ్యే పానీయం తాటి కల్లు. ధాన్యం నానబెట్టడం, ఉడకబెట్టడం, ఈస్ట్ కలపడం వంటి పనులేవీ ఇందులో లేవు. సాధారణంగా ఇందులో ఆల్కహాలు 4 నుంచి 6 శాతం వరకు ఉంటుంది. తాజాదనం, తీపి, పులుపు, ఘాటు గంటగంటకూ మారిపోతాయి కాబట్టి కల్లు నాణ్యతను నిర్ణయించే మొదటి అంశం కాలం. ఈ వ్యాసం కోనసీమలోని మామిడికుదురు ప్రాంతాన్ని ఆధారం చేసుకుని తాటి కల్లు తయారీని, రుచిని పరిశీలించే తీరును వివరిస్తుంది. అవసరమైన చోట బెల్జియం మఠాల ముదురు రంగు ఏల్ బీరుతో పోలుస్తుంది. (చూ. నీరా, ఈత కల్లు, తాటి బెల్లం, గీత వృత్తి.)

నిర్వచనం, పరిధి

పులియని రసాన్ని నీరా అనీ, పులిసిన రసాన్ని కల్లు అనీ అంటారు. రెండూ ఒకే చెట్టు నుంచి, ఒకే కోత నుంచి వస్తాయి. వాటి మధ్య తేడా కొన్ని గంటలు, కుండ లోపల సున్నం పూత ఉందా లేదా అన్న విషయం మాత్రమే. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 మాత్రం పులిసినా పులియకపోయినా ఎక్సైజ్ చెట్ల నుంచి తీసిన రసాన్ని కల్లు కిందే లెక్కిస్తుంది. తాగేవారి వాడుకకూ చట్టపు నిర్వచనానికీ ఉన్న ఈ దూరాన్ని గుర్తుంచుకోవాలి. కల్లును బట్టీపెట్టి కాస్తే వచ్చేది సారా. అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ప్రాంతం

మామిడికుదురు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో వైనతేయ పాయను దాటితే ఈ ప్రాంతం వస్తుంది. పాశర్లపూడి, నగరం, అప్పనపల్లి, ఆదుర్రు, పెదపట్నం ఈ మండలంలోని ఊళ్ళు. 19వ శతాబ్దం మధ్యలో ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు వచ్చి నగరం దీవికి కాలువ నీరు చేరాక ఇక్కడ వరి, కొబ్బరి స్థిరపడ్డాయి.

కోనసీమ అనగానే కొబ్బరి గుర్తుకొస్తుంది. అయినా కల్లుకు ఆధారం ప్రధానంగా తాడి. కారణం ఆర్థికమైనది. కొబ్బరి పొత్తిని గీస్తే ఆ గెలకు కాయ రాదు. కాయ, కురిడీ, పీచు అన్నింటికీ అంబాజీపేటలో మార్కెట్టు ఉన్నప్పుడు రైతు తన తోటను గీతకు ఇవ్వడు. తాడి మాత్రం ఎవరూ నాటకుండానే చేల గట్ల మీద, పుంతల పక్కన, సముద్రం వైపు ఇసుక నేలల్లో పెరుగుతుంది. నీరు పెట్టాల్సిన పని లేదు. తుపాను గాలికి కొబ్బరి కంటే గట్టిగా నిలుస్తుంది.

చరిత్ర

తాటి, ఈత, కొబ్బరి చెట్ల రసం తాగడం దక్షిణ భారతంలో చాలా ప్రాచీనం. తమిళ సంగం సాహిత్యంలో కల్లు ప్రస్తావన తరచుగా వస్తుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం మద్యం తయారీని, అమ్మకాన్ని పర్యవేక్షించే సురాధ్యక్షుడికి ఒక అధ్యాయమే కేటాయించింది. మత్తు పానీయం మీద రాజ్యం పన్ను వేయడం అంత పాతది.

బ్రిటిష్ పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీ అబ్కారీ చట్టం (1886) చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం అన్న పద్ధతిని స్థిరపరచింది. చెట్టు ఎక్కేవాడికీ తాగేవాడికీ మధ్య పాటదారు వచ్చాడు. 1920లలో సహాయ నిరాకరణ ఉద్యమం కల్లు దుకాణాల పికెటింగును కార్యక్రమంగా పెట్టుకుంది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏటికి ప్రెసిడెన్సీ అంతటికీ, అంటే గోదావరి జిల్లాలకు కూడా విస్తరించింది. గీత మీద బతికే వేల కుటుంబాలకు ఒక్కసారిగా పని పోయింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఈ సమస్య ఏకంగా ప్రభుత్వాన్నే పడగొట్టింది. మద్యనిషేధం అమలును పరిశీలించడానికి వేసిన ఎస్.వి. రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న మంత్రి పదవి వదులుకున్నారు. 1954 నవంబరు 6న టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఆంధ్ర రాజకీయ చరిత్రలో ఒక పానీయం మీద ఇంత సూటిగా ప్రభుత్వం నిలవడం, కూలడం మరెప్పుడూ జరగలేదనవచ్చు. అయితే అక్కడ చర్చకు వచ్చింది కల్లు రుచి కాదు, గీసేవాడి జీవనం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన స్త్రీల ఉద్యమం గురిపెట్టింది సారా మీద. దాని ఫలితంగా 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

కోనసీమలో గీత వృత్తి ప్రధానంగా శెట్టిబలిజలది. రాష్ట్రంలోని ఇతర ప్రాంతాల్లో గౌడ, ఈడిగ, గమళ్ళ, యాత, శ్రీశయన వర్గాలు ఈ పని చేస్తాయి. పాశర్లపూడికి ఎదురుగా వైనతేయ అవతలి ఒడ్డున ఉన్న బోడసకుర్రుకు చెందిన దొమ్మేటి వెంకటరెడ్డి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో శెట్టిబలిజ సంఘ నిర్మాణానికి నాయకత్వం వహించారు. చదువు, గౌరవం, కొత్త ఉపాధి ఆ ఉద్యమం ముందు పెట్టుకున్న విషయాలు.

వృక్షాలు, రకాలు

కల్లు ఇచ్చే చెట్లు తెలుగు ప్రాంతంలో నాలుగు. తాడి (బొరాసస్ ఫ్లాబెల్లిఫర్) పూగెల నుంచి ఇస్తుంది. ఈత (ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్) మొవ్వు దగ్గర కాండాన్ని చెక్కితే ఇస్తుంది. దీని కాలం చలికాలం. కొబ్బరి (కోకస్ న్యూసిఫెరా) విచ్చుకోని పొత్తి నుంచి ఏడాది పొడవునా ఇవ్వగలదు. కేరళ, గోవా, శ్రీలంకల్లో ఇదే ముఖ్యం. జీలుగ (కారియోటా యూరెన్స్) కొండ ప్రాంతపు చెట్టు. రంపచోడవరం మన్యంలో కొండరెడ్లకు జీలుగ కల్లు ఆహారంలోనూ, పండగలోనూ భాగం.

తాడిలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. పోతుతాడికి కాయలు కాయవు. వేళ్ళలా సాగే పూత గెలలు వస్తాయి. ఆడ తాడికి ముంజలు కాసే గెలలు వస్తాయి. రెండింటినీ గీయవచ్చు. తెలంగాణలో చెట్టునూ కాలాన్నీ బట్టి పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని కల్లును విడివిడిగా చెప్తారు. కోస్తాలో తాటి కల్లు జోరు చలికాలం చివర మొదలై ఎండాకాలం పొడవునా ఉంటుంది.

తాగేవారి లెక్కలో అసలైన విభజన మరొకటి ఉంది. తీపి కల్లు, పులిసిన కల్లు. పొద్దున దింపింది, మాపటికి దింపింది. ఒక చెట్టుది, పది చెట్లది కలిపింది. వృక్షశాస్త్ర విభజన కంటే రుచికి ఇదే పనికొస్తుంది.

గీత విధానం

చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే మోకు, పాదాలకు వేసే బంధం, నడుముకు కట్టిన గీత కత్తి, మట్టి లొట్టి: పనిముట్లు ఇంతే. పూగెల పూర్తిగా విచ్చకముందే దాన్ని కర్రల మధ్య మెల్లగా నొక్కి, కట్టి, కొసను పలచగా కోస్తారు. మొదటి రోజుల్లో రసం రాదు. రోజూ నొక్కుతూ, కోస్తూ ఉంటే కొన్నాళ్ళకు చుక్కలు మొదలవుతాయి. ఆ తర్వాత పొద్దున, సాయంత్రం కొత్తగా ఒక పలుచని పొర కోయాలి. కోత పాతబడితే నాళాలు మూసుకుపోతాయి, రసం ఆగిపోతుంది. లోతుగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది. గీతలో నేర్పు అంతా ఆ పొర మందంలో ఉంది.

లొట్టిని గెలకు తగిలించి, ఈగలు, తేనెటీగలు పడకుండా ఆకుతో కప్పుతారు. నీరా కావాలంటే లోపల సున్నం పూస్తారు. సున్నం ఆమ్లాన్ని విరిచి, ఈస్ట్‌నూ బ్యాక్టీరియానూ నిలువరిస్తుంది. కల్లు కావాలంటే సున్నం వేయరు. నిన్నటి కల్లు ఆనవాలు ఉన్న లొట్టిలోనే మళ్ళీ రసం పట్టడం వల్ల పులుపు త్వరగా అందుకుంటుంది. మట్టి కుండ సూక్ష్మ రంధ్రాల్లో ఉండిపోయిన ఈస్ట్ అక్కడ తోడుగా పనిచేస్తుంది. ఏ గీత కార్మికుడి కల్లుకు ఏ రుచి ఉంటుందో ఊళ్ళో తెలిసిపోవడానికి ఒక కారణం ఈ కుండలే.

పులియడం: గంటల లెక్క

తాజా తాటి రసం దాదాపు తటస్థంగా ఉంటుంది. పీహెచ్ విలువ 7కు దగ్గర. అందులో 10 నుంచి 15 శాతం వరకు చక్కెర ఉంటుంది. అది ఎక్కువగా సుక్రోజు. వెచ్చటి వాతావరణంలో, ఇంత తీపి ద్రవం తెరిచి ఉంచిన కుండలో పడితే పులియకుండా ఉండటమే వింత.

పులియడం మూడు దశల్లో సాగుతుంది. అయితే ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా తెగి ఉండవు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మొదట లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మార్చి పీహెచ్‌ను కిందికి దించుతుంది. పెరుగులో ఉండే మెత్తటి పులుపు ఇదే. ఆ ఆమ్లత్వంలో శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్, జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా బాగా పెరిగి చక్కెరను ఆల్కహాలుగానూ కార్బన్ డయాక్సైడుగానూ విడగొడతాయి. నురగ, చురుకు అప్పుడే వస్తాయి. చివరకు ఎసిటోబాక్టర్ వంటివి గాలిలోని ఆక్సిజనుతో ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది సిర్కా దారి.

రాత్రంతా చెట్టు మీద ఉన్న లొట్టిని పొద్దున దింపితే అందులో అడుగున పన్నెండు గంటల రసం, పైన కొద్ది నిమిషాల రసం ఉంటాయి. అంటే దింపిన వేళకే అది కొంత పులిసిన కల్లు. చలికాలంలో రాత్రి చల్లగా ఉంటే తీపి నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కే లోపే పులుపు తిరుగుతుంది. మధ్యాహ్నానికి తీపి దాదాపు పోయి ఆల్కహాలు, పులుపు సమానంగా వస్తాయి. ఒక రోజు దాటితే పీహెచ్ 4కు దగ్గరపడుతుంది, ఎసిటిక్ ఘాటు పైకొస్తుంది. కోనసీమ ఉక్కపోతలో ఈ గడియారం మరింత వేగంగా నడుస్తుంది.

కల్లు పాలలా తెల్లగా కనిపించడానికి కారణం అందులో తేలుతున్న ఈస్ట్, బ్యాక్టీరియా కణాలు. తాజా రసం దాదాపు పారదర్శకంగానే ఉంటుంది. కొన్నిసార్లు కల్లు జిగటగా, తీగలా సాగుతుంది. ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా సుక్రోజు నుంచి డెక్స్‌ట్రాన్ అనే జిగురు పదార్థం తయారుచేయడం వల్ల అలా జరుగుతుంది. అది కల్తీకి గుర్తు కాకపోవచ్చు గానీ కుండ శుభ్రత మీద అనుమానం కలిగిస్తుంది.

రుచి పరిశీలన

రుచి చూసేవారు మొదట అడగవలసినవి రెండు ప్రశ్నలు: ఎప్పుడు దింపారు, ఎన్ని చెట్లది. జవాబు తెలిశాక మిగిలిన పరిశీలన అర్థవంతమవుతుంది.

చూపు. మంచి కల్లు పలచని పాల తెలుపు. నీలి ఛాయ, పసుపు ఛాయ ఉండకూడదు. నురగ తెల్లగా, చిన్న బుడగలతో లేచి కొంతసేపటికి తగ్గుతుంది. బాగా పులిసినప్పుడు బుడగలు పెద్దవై త్వరగా పగులుతాయి. కదలకుండా ఉంచితే అడుగున తెల్లని మడ్డి చేరుతుంది. ఎంత కాలమైనా నురగ తగ్గకపోతే, మడ్డి అసలే చేరకపోతే అనుమానించాలి.

వాసన. తాజాదానిలో పూగెల వాసన, కొద్దిగా ముంజ నీటి వాసన ఉంటాయి. పులుపు పెరిగేకొద్దీ ఈస్ట్ తయారుచేసే ఎస్టర్ల వల్ల పండిన పండు వాసన వస్తుంది. అది దాటితే ఇథైల్ ఎసిటేట్ గాఢత పెరిగి గోళ్ళ రంగు వాసనను గుర్తు చేస్తుంది. ఆ తర్వాత సిర్కా. మధ్యలో ఎప్పుడైనా కొద్దిగా గంధకపు వాసన రావచ్చు. పులియడం జోరుగా ఉన్నప్పుడు అది సహజం. లొట్టిని కాసేపు తెరిచి ఉంచితే పోతుంది.

నోరు. మొదటి గుక్కలో తీపి, పులుపు, కాస్త వగరు తెలుస్తాయి. ఈ మూడింటిలో ఏది మొదట వచ్చింది, ఏది ఆగింది అన్నదే కల్లు వయసును చెబుతుంది. తీపి ముందు వచ్చి పులుపు వెంటనే దాన్ని కడిగేస్తే అది నాలుగైదు గంటల కల్లు. పులుపు ముందు వచ్చి, గొంతులో వేడి మిగిలితే మధ్యాహ్నపుది. పులుపు నాలుకను పట్టి దవడలు లాగితే పొద్దు దాటింది. ఈ లెక్క ఎండను బట్టి, కుండను బట్టి మారుతుంది. అందుకే అలవాటున్నవాళ్ళు కల్లు పాకలో ఒకే కుండను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రుచి చూస్తారు.

స్పర్శ. బుడగలు నాలుక మీద చురుక్కుమనాలి. చప్పగా, నిర్జీవంగా ఉంటే గాలి పోయిన కల్లు, లేదా నీళ్ళు కలిసింది. జిగట తగిలితే పైన చెప్పిన డెక్స్‌ట్రాన్.

పాత్ర. తాటాకును మడిచిన రేక, మట్టి ముంత, స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ సీసా అన్నీ వాడుకలో ఉన్నాయి. తాటాకు రేకలో తాగితే ఆకు పచ్చి వాసన కల్లులో కలుస్తుంది. అది కొందరికి ఇష్టం. పరిశీలనకు మాత్రం గాజు గ్లాసు మేలు. రంగు, మడ్డి, నురగ అందులోనే తెలుస్తాయి.

తోడుగా తినేది కారం, ఉప్పు ఉన్నదై ఉంటుంది: వేయించిన శనగలు, పల్లీలు, ఎండు చేపలు, రొయ్యల వేపుడు. కారం కల్లులోని తీపిని తగ్గించి చూపిస్తుంది. ఉప్పు పులుపును మెత్తబరుస్తుంది. పోల్చి చూడాలనుకునేవారు మొదటి రెండు గుక్కలు ఏమీ తినకుండా తీసుకోవడం మంచిది.

బెల్జియం మఠ శైలి ముదురు ఏల్‌తో పోలిక

బెల్జియంలో ట్రాపిస్టు సన్యాసుల మఠాలు బీరు కాస్తాయి. వెస్ట్‌మాల్ మఠం 1856లో ముదురు రంగు బలమైన బీరును ప్రవేశపెట్టింది. ఇప్పుడు దాన్నే డుబ్బెల్ శైలికి మూలంగా చెప్తారు. నేటి తయారీ విధానం 1926 నాటిది. షిమే, రోష్‌ఫోర్, వెస్ట్‌వ్లెటెరెన్ మఠాల నల్లని ఏల్‌లు ఇంకా బలమైనవి. ట్రాపిస్టు ముద్ర పడాలంటే బీరు మఠం ప్రాంగణంలోనే, సన్యాసుల పర్యవేక్షణలో తయారుకావాలి. ఆ ముద్ర 1997లో మొదలైంది. మఠ శైలి అని మాత్రం ఎవరైనా కాయవచ్చు. 2016లో యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది.

వెస్ట్‌మాల్ డుబ్బెల్‌లో ఆల్కహాలు 7 శాతం. రోష్‌ఫోర్ 10 అనే బీరులో 11.3 శాతం. దుంప చక్కెరను కాచి తయారుచేసే ముదురు క్యాండీ పాకం ఈ బీర్లకు రంగును, ఎండు ద్రాక్ష, ఖర్జూరం, మాడిన చక్కెర వంటి రుచిని ఇస్తుంది. తాటి బెల్లం పాకం వాసన తెలిసినవారికి ఈ రుచి పూర్తిగా కొత్తగా తోచదు. ఈస్ట్ నుంచి లవంగం, అరటిపండు వాసనలు వస్తాయి. మొదటిది ఫినాల్స్ వల్ల, రెండోది ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ వల్ల. దీన్ని చల్లగా గడ్డకట్టేలా కాక 10 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వెడల్పు మూతి గ్లాసులో తాగుతారు. మరీ చల్లబడితే వాసన మూసుకుపోతుంది.

రెండు పానీయాలకూ ఈస్ట్ జాతి ఒకటే, శాకరోమైసిస్ సెరివిసియే. అక్కడితో పోలిక చాలావరకు ముగుస్తుంది. మఠంలో ఈస్ట్‌ను ఎంచి పెంచుతారు. షిమే మఠంలో ఫాదర్ థియొడోర్ 1948లో తమ ఈస్ట్‌ను వేరుచేసి స్థిరపరచారు. తాడి మీద ఈస్ట్ దానంతటదే వస్తుంది. ఆ లెక్కన కల్లుకు దగ్గరి బెల్జియం చుట్టం నల్ల ఏల్ కాదు, బ్రస్సెల్స్ పరిసరాల్లో గాలిలోని సూక్ష్మజీవులతో పులియబెట్టే లాంబిక్ బీరు. మఠ ఏల్‌ను సీసాలో కొలిచిన చక్కెరతో రెండోసారి పులియబెట్టి నెలలు, ఏళ్ళు దాచవచ్చు. వయసుతో దానికి లోతు వస్తుంది. కల్లును అదే విధంగా బిరడా బిగించి దాస్తే సీసా పగులుతుంది.

రుచి పరిశీలన పద్ధతి మాత్రం రెండింటికీ పంచుకోదగ్గది: ముందు చూపు, తర్వాత వాసన, ఆ తర్వాత గుక్క, చివర గొంతులో మిగిలేది. బీరు పరిశీలకుడు సీసా మీది సంవత్సరం చూస్తాడు. కల్లు పరిశీలకుడు సూర్యుణ్ణి చూస్తాడు.

చట్టం కూడా రెండు చోట్లా రుచిని మార్చింది. బెల్జియంలో 1919 నాటి వాండర్‌వెల్డే చట్టం పానశాలల్లో ఘాటు సారాయి అమ్మకాన్ని ఆపింది. ఆ ఖాళీలోకి బలమైన బీరు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో నిషేధం కల్లునూ సారానూ ఒకే గాటన కట్టింది. ఫలితంగా బహిరంగంగా తాజాగా అమ్మవలసిన పానీయం చాటుకు పోయింది. చాటుకు పోయిన కల్లులో తాజాదనాన్ని పరీక్షించేవారు ఉండరు.

మఠం అన్న మాట ఒక్కచోట మామిడికుదురును తాకుతుంది. మండలంలోని ఆదుర్రులో ప్రాచీన బౌద్ధ స్తూపం అవశేషాలు ఉన్నాయి. అయితే బౌద్ధ వినయ నియమాలు భిక్షువులకు మత్తు పానీయాన్ని నిషేధించాయి. ఇక్కడి ఆరామానికీ కల్లుకూ ముడిపెట్టే ఆధారం లేదు.

కల్తీ

కల్తీ ప్రధానంగా పెద్ద పట్టణాల కల్లు డిపోలలో, అనేక చెట్ల కల్లును ఒకచోట కలిపే పద్ధతిలో పెరిగింది. తెలంగాణలో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలామ్ కలిపిన కల్లు కేసులు ఎన్నోసార్లు నమోదయ్యాయి. ఆ కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయినప్పుడు తాగేవారికి వణుకు, మూర్ఛ, మతి తప్పడం వంటి లక్షణాలు వచ్చి ఆసుపత్రుల పాలయ్యారు. తీపి కోసం సాకరిన్, నురగ కోసం ఇతర పదార్థాలు కలపడమూ ఉంది. రుచితో కొన్నింటిని పసిగట్టవచ్చు. గుక్క మింగిన తర్వాత చాలాసేపు అంటుకునే తీపి సాకరిన్‌ది. మధ్యాహ్నపు కల్లు తీపిగా ఉండటం సహజం కాదు. నిద్రమాత్రల జాడ మాత్రం నాలుకకు దొరకదు, ప్రయోగశాలలోనే తేలుతుంది. చెట్టు కిందే తాగేవాడికి ఉన్న భద్రత డిపోలో తాగేవాడికి లేదు.

ఆరోగ్యం

కల్లు ఆరోగ్య పానీయం అన్న ప్రచారం తరచుగా వినిపిస్తుంది. తాజా నీరాలో చక్కెర, ఖనిజాలు, కొన్ని విటమిన్లు ఉంటాయి. పులిశాక అందులో ఆల్కహాలు ఉంటుంది, దాని హాని ఇతర మద్యాల్లో ఉన్నట్టే ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి తీపి కల్లు, నీరా రెండూ చక్కెర భారమే. తెరిచిన కుండలోకి గబ్బిలాలు రావడం మరో ప్రమాదం. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు నాకిన పచ్చి ఈత రసం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకినట్టు నిర్ధారణ అయింది. అక్కడ కుండ చుట్టూ వెదురు తడకలు కట్టమని ప్రోత్సహించారు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి కనీస వయసు 21 ఏళ్ళు.

సంస్కృతి, ప్రపంచ సంబంధాలు

గ్రామదేవతకు కల్లు సాక పోయడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం. తెలంగాణలో గౌడుల కులదైవం కంఠమహేశ్వరస్వామి.

కల్లు కూలీల వెంట సముద్రం దాటింది. మలయా రబ్బరు తోటల్లో దక్షిణ భారత కూలీల కోసం కల్లు దుకాణాలు నడిపారు. కూలిలో పెద్ద వాటా అక్కడికే వెళ్ళేది. 1941లో క్లాంగ్ ప్రాంతంలో జరిగిన తోట కార్మికుల సమ్మె కోర్కెల్లో ఆ దుకాణాల మూసివేత ఒకటి. ఫిలిప్పీన్స్‌లో తూబా, ఇండోనేషియాలో తువాక్ అన్న పేర్లతో ఇదే కుటుంబపు పానీయాలు ఉన్నాయి. శ్రీలంకలో కొబ్బరి కల్లును బట్టీపెట్టి అరక్ తీస్తారు. గోవాలో కొబ్బరి కల్లు సిర్కాగా, సన్నాలు అనే ఇడ్లీలకు పులుపుగా వంటింట్లోకి వెళ్ళింది. తెలుగు వంటలో కల్లుకు అలాంటి స్థానం రాలేదు.

వృత్తి, ప్రస్తుత స్థితి

గీత కార్మిక సహకార సంఘాలకు, వ్యక్తిగతంగా గీసేవారికి చెట్లను లైసెన్సు మీద ఇచ్చే పద్ధతి తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉంది. చెట్టు మీద నుంచి పడి చనిపోవడం, వెన్ను విరగడం ఈ వృత్తిలోని ప్రధాన ప్రమాదాలు. వర్షం తర్వాత తడిసిన మాను మీద జారడం ఎక్కువ. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద, నీరా నిల్వ మీద, తాటి బెల్లం తయారీ మీద పరిశోధన సాగుతోంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం 2023లో నీరా కేఫ్ ప్రారంభించింది. నీరా నిల్వకు చెట్టు దగ్గర నుంచే చల్లదనం కావాలి. ఆ ఏర్పాటు ఖర్చే ఇప్పటివరకు దాని విస్తరణకు అడ్డుపడింది.

కోనసీమలో గీత కుటుంబాల పిల్లలు చదువులకు, గల్ఫ్ దేశాల పనులకు మళ్ళారు. ఇటుక బట్టీలకు కట్టెలుగా, ఇళ్ళకు దూలాలుగా తాటి చెట్లు కొట్టడం కొనసాగుతోంది. రోడ్లు వెడల్పు చేసినప్పుడు గట్ల మీది వరుసలు పోయాయి. తాడి విత్తనం నుంచి పూగెల వేసే వరకు పెరగడానికి దాదాపు 15 ఏళ్ళు పడుతుంది. పూత వచ్చేదాకా అది పోతుతాడో ఆడ తాడో బయటికి తెలియదు.